చెల్లని నాణేల చలామణి

2021 ఆగస్టు 4న భారతీయ రిజర్వు బ్యాంకు ఒక చిన్న పత్రికా ప్రకటన విడుదల చేసింది. పాత నోట్లు, నాణేలు కొంటామనీ, అమ్మిపెడతామనీ చెప్పేవారు కొందరు బ్యాంకు పేరునూ చిహ్నాన్నీ దొంగతనంగా వాడుకుంటూ రుసుములు, కమీషన్లు, పన్నుల పేరిట జనం దగ్గర డబ్బు గుంజుతున్నారన్నది దాని సారాంశం. ఇలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదనీ, తన తరఫున వసూళ్లు చేసే అధికారం ఏ సంస్థకూ, ఏ వ్యక్తికీ ఇవ్వలేదనీ బ్యాంకు అందులో స్పష్టం చేసింది. దేశపు కేంద్ర బ్యాంకు తన పేరుతో సాగుతున్న మోసాన్ని తానే చాటింపు వేయవలసి రావడం మామూలు సంగతి కాదు. ఆ ప్రకటన తర్వాత కూడా వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలు పలుకుతాయనీ, 786 అంకె ఉన్న నోటు అదృష్టాన్ని మార్చేస్తుందనీ చెప్పే ప్రచారం ఆగలేదు. హెచ్చరిక జారీ చేయడంతోనే బాధ్యత తీరిపోయిందని పాలనా యంత్రాంగం అనుకుంటే, అసలు సమస్య అక్కడే ఉంది.

పాత నాణేల ఆన్‌లైన్ వ్యాపారంలో మోసం రెండు దారుల్లో నడుస్తోంది. మొదటిది అమ్మాలనుకునేవారిని పట్టే వల. ఇంట్లో పాత డబ్బాలో దొరికిన నాణేన్ని ఫొటో తీసి పెట్టగానే 'కొనుగోలుదారు' ఫోన్ చేస్తాడు. లక్షల్లో ధర ఒప్పుకుంటాడు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌కు కొంత, జీఎస్టీకి కొంత, ధ్రువపత్రానికి మరికొంత అంటూ విడతలవారీగా గుంజుతాడు. ఇందులో నష్టపోయేది సేకర్తలు కాదు, రోజులు గడవడమే కష్టమైన మామూలు మనుషులు. రెండోది కొనాలనుకునేవారిని పట్టే వల. ఇక్కడ డబ్బు పంపాక నాణెం రాకపోవచ్చు, లేదా నకిలీ నాణెం రావచ్చు. మొదటి మోసం గురించి రిజర్వు బ్యాంకు అయినా మాట్లాడింది. రెండోదాని గురించి మాట్లాడే నాథుడే లేడు.

నాణేల విషయంలో మోసం ఇంత తేలిక కావడానికి కారణం ఉంది. చలామణిలో ఉన్న రూపాయి విలువకు ప్రభుత్వం హామీ ఉంటుంది. సేకర్త చెల్లించే ధరకు ఆ హామీ లేదు. నాణెం ఎంత అరుదైనది, ఎంత చెక్కుచెదరకుండా ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న మూడు అంశాలే ఆ ధరను నిర్ణయిస్తాయి. ఫోన్ తెరమీద కనిపించే బొమ్మ ఈ మూడింటిలో ఒక్కదానిని కూడా రుజువు చేయలేదు. బంగారం కొనేవాడికి గీటురాయి అందుబాటులో ఉంటుంది. ఆన్‌లైన్ వేలంలో నాణెం కొనేవాడు గీటురాయి కూడా అమ్మేవాడి చేతిలోనే పెట్టి బేరమాడుతున్నాడు.

1939 సంవత్సరపు ఆరవ జార్జి వెండి రూపాయినే తీసుకుందాం. 11.66 గ్రాముల బరువుతో, 91.7 శాతం వెండితో ముద్రించిన రూపాయల పరంపరలో అదే చివరిది. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1939 నాటి రూపాయి అతి అరుదు కావడంతో దాని ధర చాలా ఎక్కువ. 1938 రూపాయి మాత్రం తేలికగా దొరుకుతుంది. ఆ చివరి అంకెను చెక్కి తొమ్మిదిగా మారిస్తే చాలు, నకిలీ సిద్ధం. లోహం అసలుదే, బరువు అసలుదే, అబద్ధం ఆడేది ఒక్క అంకె. తూకం వేసినా దొరకని మోసాన్ని ఫొటోలో ఎవరు పట్టగలరు? 1911 నాటి అయిదవ జార్జి రూపాయిదీ దాదాపు ఇదే కథ. రాజు దుస్తులపై చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తోందన్న ఆక్షేపణలు రావడంతో దానిని వెనక్కి తీసుకుని, ముద్రించిన వాటిలో అధికభాగం కరిగించారు. ఇలాంటి కథ ప్రతి ఒక్కటీ సేకర్తకు చరిత్ర. మోసగాడికి అదే పెట్టుబడి.

ఇంతకన్నా దిగజారిన రకం మరొకటి ఉంది. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, అర అణా విలువ ఒక పక్కన, రామ దర్బారు మరో పక్కన ఉన్న 'నాణేలు' ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయి. కంపెనీ అలాంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. అవి నకిలీలు కూడా కావు, ఎందుకంటే నకిలీకి ఒక అసలు ఉండాలి. అవి శుద్ధ కల్పనలు. వాటికి పిడుగుపాటుతో మహిమ వచ్చిందనీ, బియ్యపు గింజలను ఆకర్షిస్తాయనీ నమ్మించే 'రైస్ పుల్లర్' ముఠాలను తెలుగు రాష్ట్రాల పోలీసులు పలుమార్లు అరెస్టు చేశారు. ముఠాలు పట్టుబడుతున్నా సరుకు మాత్రం అంగట్లో ఉంటూనే ఉంది.

అంగడి స్వరూపం మారడం ఈ ప్రమాదాన్ని పెంచింది. ఒకప్పుడు ఈబే ఇండియా ఈ వ్యాపారానికి ప్రధాన వేదిక. కొనుగోలుదారు చెల్లించిన సొమ్మును మధ్యలో నిలిపి ఉంచే పైసాపే అనే ఏర్పాటు దానికి ఉండేది. 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లిన ఆ వేదిక 2018 ఆగస్టులో మూతపడింది. ఇవాళ ఈ వ్యాపారంలో పెద్ద భాగం ఫేస్‌బుక్ బృందాలలో, వాట్సాప్ వేలంపాటల్లో జరుగుతోంది. మధ్యవర్తి లేడు, పూచీ లేదు. యూపీఐలో ఒకసారి పంపిన డబ్బును పంపినవాడు తనంతట తాను వెనక్కి తీసుకోలేడు. పాట పెంచుతున్నవారిలో అమ్మేవాడి మనుషులు ఎందరో తెలుసుకునే మార్గం లేదు. వేలంవెర్రి అన్న మాట తెలుగులో ఊరికే పుట్టలేదు.

చట్టాలు లేవని కాదు. ఉన్న చట్టాల మధ్య ఉన్న సందులే మోసగాళ్లకు రాజమార్గాలు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఆన్‌లైన్ అంగళ్లు అమ్మకందారు పేరు, చిరునామా చూపించాలి. వస్తువు వర్ణన, ఫొటో అసలు వస్తువుకు సరిపోతాయన్న హామీపత్రం అతని నుంచి తీసుకోవాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. అయితే క్రమం తప్పకుండా వ్యాపారం చేయని వ్యక్తి తన సొంత హోదాలో జరిపే అమ్మకానికి ఈ నియమాలు వర్తించవు. 'ఇది మా తాతగారి సేకరణ, అవసరం వచ్చి అమ్ముతున్నాను' అనే వాక్యం వెనుక వంద నాణేల దుకాణం దాక్కోగలదు. మరోవైపు, తిరిగి అమ్మి లాభం చేసుకోవడానికి కొన్నవారిని చట్టం వినియోగదారులుగా పరిగణించదు. నాణెం పెట్టుబడి అని నమ్మించి అమ్మేవాడు, కొన్నవాడికి ఉన్న ఆ ఒక్క రక్షణను కూడా తన మాటతోనే సడలిస్తున్నాడు.

నకిలీ నాణేల నేరానికి భారతీయ న్యాయ సంహితలో యావజ్జీవ శిక్ష వరకూ ఉంది. కానీ ఆ కఠినత్వం ఉద్దేశించింది ద్రవ్యంగా వాడే నాణేలను కాపాడడానికి. ఏనాడో చలామణి ఆగిపోయిన శాతవాహన నాణేనికో, మొగలు మొహరుకో నకలు చేసి అసలుదని అమ్మితే అది ప్రధానంగా మోసం కేసు అవుతుంది. అమ్మినవాడికి అది నకిలీ అని తెలుసునని రుజువు చేసే భారం మిగులుతుంది. 'నాకూ అసలుదనే చెప్పి అమ్మారు' అంటే కేసు నీరుగారిపోతుంది. అమెరికా ఈ చిక్కును 1973లోనే గుర్తించింది. సేకరణ నాణేలకు చేసే ప్రతి నకలు మీదా 'నకలు' అన్న అర్థమిచ్చే మాట చెరగని విధంగా ముద్రించాలని చట్టం చేసింది. 2014లో ఆ బాధ్యతను తయారీదారుల నుంచి అమ్మేవారికి కూడా విస్తరించింది. అలాంటి ప్రత్యేక నిబంధన మన చట్టాల్లో లేదు. నకలు తయారు చేయడం కళ కావచ్చు. దానిమీద నకలు అని రాయకపోవడం కళ కాదు.

నాణెం అసలుదైతే చిక్కు తీరిందనుకోవడమూ పొరపాటే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దానితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించడం నేరం. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. ఆన్‌లైన్‌లో 'పొలంలో దొరికింది' అన్న గర్వపు మాటతో అమ్మకానికి పెట్టే నాణెం విషయంలో ఆ మాటే నేరాంగీకారం కావచ్చు. కొన్నవాడు కూడా విచారణకు సమాధానం చెప్పుకోవలసి రావచ్చు.

ఇక్కడ పోయేది ఒకరి డబ్బు మాత్రమే కాదు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున దొరికిన సిముకుని నాణేలు శాతవాహనుల తొలినాళ్ల చరిత్రను తెలంగాణ నేలతో ముడివేశాయి. అవి ఏ ఊళ్లో దొరికాయో తెలిసింది కాబట్టి, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల చేతికి చేరాయి కాబట్టి అవి సాక్ష్యమయ్యాయి. అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా ఏ ఆన్‌లైన్ వేలంలోనో విడివిడిగా అమ్ముడైపోతే కాసిని లోహపు బిళ్లలుగా మిగిలేవి. దక్షిణాసియాలో ఈ విషాదానికి పెద్ద ఉదాహరణ అఫ్ఘానిస్తాన్‌లోని మీర్ జకా. 1990ల తొలినాళ్లలో అక్కడ బయటపడిన నాణేలను లెక్కించిన తీరు తూకంలో, టన్నులలో. అంతర్యుద్ధం నడుమ ఆ రాశి చెల్లాచెదురై అంతర్జాతీయ విపణిలో కలిసిపోయింది. కాబూల్ మ్యూజియం నాణేల సేకరణ కూడా ఆ దశకంలోనే లూటీ అయింది. ఇవాళ ఎక్కడో ఒక గ్రీకు-బాక్ట్రియా నాణెం 'పాత సేకరణ నుంచి' అన్న ముక్తసరి వర్ణనతో వేలానికి వస్తే, ఆ పాత సేకరణ ఎవరిదన్న ప్రశ్న అడగవలసిందే.

ప్రభుత్వం ఈ అంగడిలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 1964లో నెహ్రూ స్మారక నాణేలతో మొదలైన సంప్రదాయం ఇప్పుడు వ్యాపారంగా ఎదిగింది. 2023 మేలో పార్లమెంటు కొత్త భవనం పేరిట 75 రూపాయల నాణెం, అదే ఏడాది ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం విడుదలయ్యాయి. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఎన్టీఆర్ నాణెం ముఖవిలువకు ఎన్నో రెట్ల ధరకు అమ్ముడైంది. నాయకుల స్మృతిని నాణేలపై ముద్రించడం రాజకీయ నిర్ణయం, వాటిని అమ్మడం ఆదాయ మార్గం. రెండింటిపైనా ఉత్సాహం చూపే కేంద్రం, అవే నాణేలు మర్నాటి నుంచే పునర్విక్రయంలో ఏ ధరకు, ఎవరి ద్వారా, ఏ పూచీతో చేతులు మారుతున్నాయో పట్టించుకోవడం లేదు. సేకరణ మోజును పెంచినవారికి సేకర్తను కాపాడే బాధ్యత ఉండదా?

కొనేవాడి అత్యాశే ఇందుకు కారణమనే వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. లక్షల విలువ చేసే నాణేన్ని వేలకు ఇస్తానంటే అనుమానించని మనిషి తన నష్టంలో భాగస్వామే. కానీ అత్యాశ ఉన్నవాడిని దోచుకోవచ్చని ఏ చట్టమూ అనలేదు. నియంత్రణ బిగిస్తే నిజాయితీ గల సేకర్తలు, వ్యాపారులు వేధింపులకు గురవుతారన్న భయం మాత్రం విలువైనది. 1910లో ఏర్పడిన భారత నాణేల సంఘం మొదలుకొని నగరాల్లోని చిన్న సంఘాల వరకూ ఈ దేశ చరిత్ర రచనకు సేకర్తలు చేసిన సేవ తక్కువది కాదు. అందుకే కావలసింది కొత్త లైసెన్సుల రాజ్యం కాదు, అమ్మేవాడి మాటకు జవాబుదారీతనం.

అందుకు చేయవలసినవి అసాధ్యాలేమీ కావు. నకలు నాణేలపై ఆ మాట ముద్రించడం తప్పనిసరి చేయాలి. నాణేల ప్రకటనల్లో బరువు, వ్యాసం, అంచు ఫొటో, ఎక్కడి నుంచి సంపాదించారన్న వివరం లేకుంటే వేదికలు వాటిని ప్రదర్శించకూడదు. ఏడాదికి ఇన్ని అమ్మకాలు దాటితే 'సొంత హోదా' మినహాయింపు రద్దు కావాలి. టంకశాలలు తమ నాణేల కొలతలను తెలుగు సహా అన్ని భారతీయ భాషల్లో ఒకచోట అందుబాటులో ఉంచాలి. రాష్ట్ర పురావస్తు శాఖలు, మ్యూజియంలు నామమాత్రపు రుసుముతో నాణేలను పరీక్షించి అభిప్రాయం చెప్పే రోజులు కేటాయించాలి.

అవి జరిగేవరకూ కొనేవాడికి తన జాగ్రత్తే దిక్కు. బిల్లు ఇవ్వనివాడి దగ్గర, వాపసు తీసుకోనని ముందే చెప్పేవాడి దగ్గర కొనకపోవడం మొదటి మెట్టు. ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిన ధ్రువీకరణ కూడా నకిలీ కావచ్చు కనుక, దానిమీది సంఖ్యను జారీ చేసిన సంస్థ వద్దే సరిచూసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్మును ఖాతాల్లో నిలిపివేయగల అవకాశం సన్నగిల్లుతుంది. పరువు పోతుందని మౌనంగా ఉండిపోయే ప్రతి బాధితుడూ తర్వాతి బాధితుడి వివరాలను మోసగాడికి వదిలేస్తున్నాడు.

నాణెంమీద రాజముద్ర వేయడం మొదలైనప్పటి నుంచి దాని అర్థం ఒక్కటే: దీనికి నేను పూచీ అని పాలకుడు చెప్పడం. చలామణిలో ఉన్నంతకాలమే ఆ పూచీ అని, ఆ తర్వాత పౌరుడి ఖర్మ అని ప్రభుత్వం అనుకుంటే చెల్లనిది నాణెం కాదు, ఆ మాట.