శిశుమందిరములకు జీర్ణోద్ధరణము

దేవాలయము శిథిలమైనప్పుడు మన పెద్దలు దానిని కూలద్రోయుమనలేదు, జీర్ణోద్ధరణము చేయుమనిరి. పని సాగునంతకాలము బాలాలయము నేర్పరచి నిత్యార్చనకు లోపము రానీయరైరి. యాదగిరిగుట్టలో ప్రధానాలయ పునర్నిర్మాణము జరిగినన్నాళ్లు భక్తులకు దర్శనము లభించినది బాలాలయమునందే. 2022 మార్చి 28వ తేదీన ప్రధానాలయద్వారములు మరల తెరువబడినవి. దేవునియెడ నింతటి మెలకువ చూపు మనము, దేవునితో సమానులని చెప్పుకొను పసిబిడ్డల బడియెడ నేమి చూపుచున్నాము?

సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైనది. నేడు ఆంధ్రప్రదేశమున 55 వేలకు, తెలంగాణమున 35 వేలకు పైబడి అంగన్‌వాడీ కేంద్రములు గలవు. మూడేండ్లు మొదలు ఆరేండ్లవరకు గల బిడ్డలకు ఆటపాటలతోడి చదువును, వేడి భోజనమును అందవలసిన దిచటనే. కట్టడము కురియుచున్నచోట బాగుచేయవలెను. గది చాలనిచోట పెంచవలెను. ఇందు వివాదము లేదు. ఎట్లు చేయవలెననునదే ప్రశ్న.

పాతది పడగొట్టి, నాలుగు కాంక్రీటుగోడలపై శ్లాబు పరచి, రంగులు పూసి, శిలాఫలకము నిలుపుటయే అభివృద్ధి యని మనవారికొక భ్రమ కలిగినది. సిమెంటు తయారగుటకు సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చవలెను. ప్రపంచమున మానవులు వెలువరించు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 వంతులు ఈ పరిశ్రమనుండియే వచ్చుచున్నవి. గట్టిగా నున్న గోడను కూల్చుట యనగా ఒకమారు ఖర్చయిన నిప్పును బూడిదపాలు చేసి, రెండవమారు నిప్పు రగిల్చుటయే. పైగా వైశాఖమున శ్లాబుక్రింద నిద్రించు బిడ్డ కా గది పొయ్యివలె నుండును.

వేరుమార్గము లేకపోలేదు. గానుగసున్నముతో కట్టిన పాతగోడకు సిమెంటు పూసినచో చెమ్మ వెలికిపోలేక గోడను తినివేయును. సున్నపుగోడకు సున్నమే మందు. శ్లాబు కురిసినచో పగుళ్లు పూడ్చి, వాలు సరిచేసి, పైన తెల్లనిపూత వేసిన నీటిబాధయు ఎండబాధయు తగ్గును. క్రొత్తగది కట్టునప్పుడు ఇటుకలను అంచుపై నిలిపి నడుమ ఖాళీ విడిచినచో దాదాపు నాలుగవవంతు ఇటుక మిగులును. గోడలోని గాలి వేడిని ఆపును. పడమట వసారా దింపవలెను. కిటికీ బిడ్డ కన్నులకందు ఎత్తున నుండవలెను. నేలకు తాండూరు, బేతంచెర్ల బండ లుండనే యున్నవి. పాతతలుపులు, దూలములు మరల వాడవచ్చును. కప్పుమీది వాననీరు ఇంకుడుగుంతకు పోవలెను. ముంగిటి వేపచెట్టుపై గొడ్డలి పడరాదు.

ఆదర్శగృహము అయిదుమైళ్లలోపల దొరకు సామగ్రితో కట్టబడవలెనని గాంధీమహాత్ముడు చెప్పిన మాటను వాస్తుశిల్పి లారీ బేకరు జీవితాంతము స్మరించెను. స్వదేశీ యన్నది వస్త్రమునకే గాదు, గోడకును వర్తించును. ఊరి తాపీమేస్త్రి చేతికి పని, ఊరి సొమ్ము ఊరిలోనే నిలుచుట, ఇవి చిన్న లాభములు కావు.

కూలుటకు సిద్ధముగ నున్న గోడక్రింద బిడ్డలను కూర్చుండబెట్టుమని మేము చెప్పుటలేదు. అట్టిదానిని నిస్సంశయముగ తొలగింపవలెను. కాని తొలగింపవలెనా, నిలుపవలెనా యనునది ఇంజనీరు పరీక్షించి వ్రాతమూలకముగ చెప్పవలెను గాని, గుత్తేదారు సౌకర్యమునుబట్టి తేలరాదు. క్రొత్తకట్టడములకు లక్షలు మంజూరు చేయు చేతులు, వానకు ముందు కప్పు బాగుచేయుటకు వేలు విడుదల చేయుటకేల వెనుకాడవలెను? నేటి మరమ్మతు మానుటయే రేపటి కూల్చివేతకు కారణము.

కావున ప్రతి కేంద్రమునకు ఏటేట మరమ్మతుసొమ్ము ముందే కేటాయింపబడవలెను. పని పూర్తియైనదని సంతకము చేయుటకు ముందు అంగన్‌వాడీ కార్యకర్తయు, తల్లులును చూచి సమ్మతింపవలెను. పని సాగునంతకాలము బిడ్డల చదువును భోజనమును ఆగకుండ సమీపముననే యొక చోటు చూపవలెను. దేవునికి బాలాలయము కట్టిన జాతికి బాలుర ఆలయమును నిలుపుట అసాధ్యము కాదు. పంచాయతీలును, పురపాలక సంఘములును ఈ వేసవియందే పూనుకొనుగాక!