గెడ్డకు నల్ల గీత గీసిన మ్యాపు



మేము తెనాలిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. మా ఊళ్లు పాడేరు అవతల కొండల్లో. మొన్న బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివే మన అన్న ఒకరు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చూపించారు. మా ఇళ్లల్లో మ్యాపు చేతబట్టింది మేమే మొదలు. 1:50,000 స్కేలు, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు.

రేపల్లె వైపు షీటు నిండా కాలువలే, ఎత్తు చూపించే గోధుమ రంగు గీత కోసం వెతుక్కోవాలి. మన కొండల షీటులో ఆ గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వాటి మధ్య మా గెడ్డ దొరికింది. పేరు లేదు. నల్ల గీత. నీళ్లుంటే నీలం, ఎండే వాగైతే నలుపు అని అన్న చెప్పారు.

వేసవిలో ఎండుతుంది, నిజమే. జూలైలో వచ్చి చూడండి. గర్భిణిని డోలీలో మోసుకొస్తూ ఆ గెడ్డ దాటలేక మావాళ్లు ఒడ్డునే కూలబడ్డారు. ఈ నల్ల గీత చూసి అక్కడ వంతెన కావాలని ఎవరికి తడుతుంది?

శాటిలైట్ ఉండగా ఇదంతా ఎందుకురా అని మా రూములోనే ఒకడన్నాడు. చెట్ల కింద పారే ఊట పైనుంచి కనపడదు. దాని పేరు అసలే కనపడదు.

కొలిచే పని మన వల్ల కాదని మాత్రం అనకండి. హిమాలయాల్లో మిలం ఊరి నైన్ సింగ్ రావత్ 1865లో బయల్దేరి, అడుగులు లెక్కపెట్టుకుంటూ లాసా చేరాడు. జపమాలకు 108 పూసలుండాలి, ఆయన మాలకు 100. వంద అడుగులకో పూస! ఆయన భోటియా, భోటియాలు ఇవాళ ఉత్తరాఖండ్‌లో ఎస్టీలు. కాకపోతే ఆయన నడక బ్రిటిష్ వాళ్ల మ్యాపుకి పోయింది. మన నడక మన గ్రామసభకు రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల క్లెయిమ్‌కి మ్యాపు కావాలి. 2021 ఫిబ్రవరి నుంచి మ్యాపు చేసుకోడానికి ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు నోటుబుక్కు, ఫోను పట్టుకెళ్లండి. తాతను వెంటబెట్టుకుని గెడ్డ పుట్టే ఊట దాకా నడవండి. పేరు మన భాషలో ఎలా పలుకుతారో అలాగే రాయండి. వానాకాలం నీళ్లు ఏ రాయి దాకా, ఏ చెట్టు దాకా వస్తాయో అడగండి. ఆ ఫోటోలు, జీపీఎస్ అంకెలు ఈ గ్రూపులోనే పెట్టండి. మా ఊరివి మేమే ముందు పెడతాం.