ర్యాంపు మూల దగ్గర ఎత్తెంత?

మనవాళ్లలో చాలామంది ఇప్పుడు ఇల్లు కట్టేది వాట్సాప్‌లోనే. మనం హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాం, అమ్మానాన్నల కోసం ఇల్లు సింగ్‌నగర్‌లోనో పెనమలూరులోనో లేస్తుంటుంది. త్రీడీ వ్యూ వస్తుంది, బాగుందని బొటనవేలు ఎత్తేస్తాం. ఆ బొమ్మలో ఎవరూ సరిగ్గా చూడనిది వాకిట్లో మలుపు తిరిగే ర్యాంపు.

మన దగ్గర ఇళ్లు ఏటేటా ఎత్తు పెరుగుతున్నాయి. అసలే డెల్టా నేల. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర, పాత ఇల్లు పల్లంలో పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఏం చేసిందో చూశాక ఇంకెవరైనా రోడ్డు లెవెల్‌లో ఇల్లు కట్టుకుంటారా? మెరక తోలించి, బేస్‌మెంట్ మూడడుగులు లేపమంటారు. లేపాల్సిందే. కానీ చక్రాల కుర్చీకి ర్యాంపు కావాలంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు, అంటే 1:12. మొత్తం 36 అడుగులు. రెండొందల గజాల స్థలం వెడల్పే దాదాపు అంత ఉంటుంది! అందుకని ర్యాంపు మూల తిరగక తప్పదు. అసలు తిరకాసు ఆ మూలలోనే ఉంది.

నాలుగడుగుల వెడల్పు ర్యాంపు తొంభై డిగ్రీలు తిరుగుతోందనుకోండి. మూలలో నాలుగడుగుల చదరం వస్తుంది. స్థలం కలిసొస్తుంది కదా అని ఆ చదరాన్ని కూడా అదే వాలులో పెడితే, లోపలికొచ్చే గీతకీ బయటికెళ్లే గీతకీ మధ్య నాలుగంగుళాలు ఎక్కాలి. ఇప్పుడు లోపలి మూల బిందువు చూడండి. అది వచ్చే గీత మీదా ఉంది, వెళ్లే గీత మీదా ఉంది. మరి దాని ఎత్తెంత? ఒకే వేరియబుల్‌కి ఒకేసారి రెండు విలువలు కావాలన్నమాట :) తమాషా ఏంటంటే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇవ్వదు. స్కెచప్‌లో ఒక మూల పట్టుకుని పైకి లాగితే చదరాన్ని ఐమూలగా విరిచి రెండు త్రిభుజాలు చేసేస్తుంది. రెవిట్‌లో ఫ్లోర్ వేసి పాయింట్లు ఎత్తినా దాదాపు ఇంతే. పైన టైల్స్ అంటించి రెండర్ చేస్తే ఆ మడత కనపడదు.

కట్టాక కనపడుతుంది. తేడాని చెరిసగం పంచినా నాలుగడుగుల వెడల్పులో రెండంగుళాల పక్కవాలు, అంటే 1:24. అమెరికా ప్రమాణాల ప్రకారం పక్కవాలు 1:48 దాటకూడదు. కుర్చీ తిరిగేటప్పుడు ఒక చక్రం గాల్లో ఉంటుంది, ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల పీట లాగా. అందులో కూర్చున్నది మన నాయనమ్మ.

పోనీ గుండ్రంగా తిప్పితే? లోపలి వ్యాసార్ధం రెండడుగులు, బయటిది ఆరడుగులు అనుకోండి. నడిమి గీత మీద 1:12 ఉంటే లోపలి అంచు 1:6 అవుతుంది, బయటిది 1:18. కొండ రోడ్లు వేసేవాళ్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. మన దేశపు రోడ్ల ప్రమాణాల్లో హెయిర్‌పిన్ మలుపు దగ్గర వాలు 1:40 మించొద్దని ఉంటుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద మలుపు లోపలివైపు నుంచి బండి ఎక్కించినవాళ్లకి ఇది లెక్క లేకుండానే అర్థమవుతుంది.

రెవిట్‌లో అసలు ర్యాంపు టూల్ వాడితే మలుపులో చదునైన ల్యాండింగ్ అదే వేస్తుంది. గరిష్ఠ వాలు సాధారణంగా 12 అని ఉంటుంది. చోటు చాలకపోతే ఇంకా ఇంత మిగిలిందని చూపిస్తుంది. ఆ 12ని 8 చేస్తే మిగిలింది మాయం! ఫెయిలవుతున్న టెస్టుని కామెంట్ చేసేసి బిల్డ్ పచ్చగా వచ్చిందనడానికీ దీనికీ నాకైతే తేడా కనపడదు. గీసేవాణ్ణే అని లాభం లేదులెండి, "కారు కూడా పట్టాలి బాబూ" అని నెత్తిన కూర్చునేది మనమే. (తూర్పు ముఖం ఇల్లయితే ఈశాన్యంలో ఎత్తేంటని ఇంకో గొడవ. ర్యాంపు మొదలు ఈశాన్యంలో పెట్టి దక్షిణం వైపు ఎక్కిస్తే వాస్తు ఆయనా ఊరుకుంటాడు.)

చదును మూల దండగ అనేవాళ్లకి ఒక మాట. ఏకబిగిన 30 అంగుళాలకి మించి ఎక్కించొద్దని అమెరికా ప్రమాణాల్లోనే ఉంది. మనది 36 అంగుళాలు, మధ్యలో ఒక ల్యాండింగ్ ఎలాగూ కావాలి. అదేదో మూలలోనే పెడితే సరి: 18 అడుగులు, అయిదడుగుల చదును, మళ్లీ 18. మొత్తం 41. అంత చోటు లేదంటే కారు వీధిలో పెట్టుకోండి, లేదా చిన్న లిఫ్టు పెట్టించండి. ర్యాంపులా కనిపించే జారుడుబల్ల కంటే అసలు ర్యాంపు లేకపోవడమే నయం, కనీసం ఎవరూ నమ్మి ఎక్కరు.

పబ్లిక్ బిల్డింగుల సంగతి వేరు. 2016 చట్టం ఉంది, వాటి ప్రమాణాలు తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనింటికి మాత్రం ఎవరూ వచ్చి టేపు పెట్టరు. అందుకే ఈసారి త్రీడీ వ్యూ వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టి, మూల చదరం నాలుగు బిందువుల లెవెల్స్ రాసిన ప్లాన్ అడగండి. పై లెక్కలో అయితే నాలుగు చోట్లా 18 అంగుళాలే ఉండాలి. వాన నీళ్లు జారడానికి ఒకవైపు అంగుళం లోపు తగ్గితే పర్లేదు.