గుర్తు ఒకరిది, చాకిరీ ఇంకొకరిది

పాత వస్తువుల్ని బాగుచేయించి వాడుకోవడం మంచి అలవాటే. కాకపోతే ఆ వస్తువుతో రోజూ వేగేది ఎవరో, ముందు ఆ మనిషిని అడగాలంటాను నేను.

మా ఇంట్లో మామయ్యగారు 1970ల్లో కొన్న ఒంటి తలుపు ఫ్రిజ్ ఉంది. గుండ్రటి మూలలు, బరువైన పిడి, తలుపుకి తాళం. ఈ మధ్య మోటారు తిరుగుతోంది గానీ లోపల చల్లబడటం లేదు. మా వారికీ, మా ఆడపడుచుకీ అది నాన్నగారి గుర్తు. ఎంత ఖర్చైనా సరే నడిపించాల్సిందే అన్నారు.

సరే, ముందు రోగమేమిటో తెలియాలి కదా! తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే తలుపు రబ్బరు పోయినట్టే. వెనక జాలీకి దుమ్ము పేరుకున్నా, థర్మోస్టాట్ పాడైనా చల్లదనం తగ్గుతుంది. ఇవన్నీ చిన్న మరమ్మతులు. నిక్షేపంగా చేయించుకోవచ్చు.

"గ్యాస్ అయిపోయిందమ్మా, నింపితే సరి" అంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. వాడేకొద్దీ అయిపోవడానికి అది వంట గ్యాస్ కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఎన్నేళ్ళైనా తిరుగుతూ, లోపలి వేడిని తెచ్చి వెనక జాలీ దగ్గర వదులుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడినట్టు. అది మూయకుండా గ్యాస్ నింపడమంటే ఓటికుండలో నీళ్ళు పోయడమే.

ఇంకో చిక్కుంది. ఆ కాలం ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్-12 గ్యాస్. ఓజోన్ పొరకి చేటు చేసే ఇలాంటి వాయువుల్ని తగ్గించాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. 2010 నాటికి మన దేశంలోనూ వాటికి స్వస్తి చెప్పారు. బదులుగా ఆర్-134ఎ నింపాలంటే అది పాత కంప్రెసర్‌లోని నూనెతో కలవదు, నూనె కూడా మార్చాలి. కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఎ మండే వాయువు. పాత ఫ్రిజ్ లోపలి బల్బు స్విచ్చిలో, థర్మోస్టాట్‌లో నిప్పురవ్వ పుట్టవచ్చు కాబట్టి దాన్ని అందులో నింపనివ్వకండి.

ఇంతా చేయించి నడిపిస్తే తర్వాత కథ ఎవరిది? ఫ్రీజర్‌లో గడ్డకట్టే మంచు కరిగించడం, నీళ్ళు తుడవడం, చల్లదనం చాలక పులిసిపోయిన దోసెల పిండి పారబోయడం... అన్నీ ఇల్లాలివే. విసుగెత్తి కత్తితో మంచు గీకితే ఆ రేకులోనే ఉన్న గ్యాస్ గొట్టానికి చిల్లి పడుతుంది. అప్పుడు "నువ్వే పాడుచేశావు" అనే మాట కూడా మనకే!

మా ఫ్రిజ్‌కి రబ్బరు, థర్మోస్టాట్ మార్చినా లాభం లేకపోయింది. చిల్లి ఫ్రీజర్ గొట్టంలోనే ఉందని తేలింది. అందరూ తలా ఒక మాట అంటున్నారు గానీ, దాన్ని ముప్ఫై ఏళ్ళకు పైగా వాడిన అత్తయ్యగారిని ఎవరూ అడగలేదు. నేనే అడిగాను. "ఆ మంచు తీసీ తీసీ నా వేళ్ళు తిమ్మిరెక్కిపోయేవే అమ్మా. దానికీ నాకూ ఇక విశ్రాంతి ఇవ్వండి," అన్నారావిడ. ఆ మాటతో వాదన ముగిసింది.

ఇప్పుడది మా ఇంట్లో బీరువా. వడియాలు, అప్పడాలు, పప్పుల డబ్బాలు అందులోనే. చిన్నపిల్లలు లోపల దూరి ఇరుక్కుపోకుండా తాళం, గడియ రెండూ తీయించేశాం. మీరూ అలా ఉంచుకుంటే ఈ పని మాత్రం మరవకండి.

పెద్దల గుర్తులు దాచుకుందాం, కాదనను. కానీ ఆ గుర్తు నిలబెట్టే చాకిరీ ఇంట్లో ఒక్కరి నెత్తినే పడితే, అది ఆ ఒక్కరికీ గుర్తుగా కాదు, బరువుగానే మిగులుతుంది. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారో మీరూ చెప్పండి.