వేదిక ఎవరిది?

2021 అక్టోబరులో రాయ్‌పూర్ నగరానికి రెండు ఆదివాసీ సమూహాలు వచ్చాయి. మొదటి సమూహాన్ని ఎవరూ పిలవలేదు. హస్‌దేవ్ అరణ్యంలో బొగ్గు గనులు వద్దని కోరుతూ సర్గుజా, కోర్బా జిల్లాల గ్రామస్థులు అక్టోబరు 4న కాలినడకన బయలుదేరి, దాదాపు 300 కిలోమీటర్లు నడిచి రాజధానికి చేరుకున్నారు. రెండో సమూహం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చింది. అక్టోబరు 28న సైన్స్ కాలేజీ మైదానంలో మూడు రోజుల జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం అట్టహాసంగా మొదలైంది. ఈ రెండు ఘటనల మధ్య, అక్టోబరు 21న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పర్సా బొగ్గు గనికి రెండో దశ అటవీ అనుమతిని మంజూరు చేసింది. అప్పుడు కేంద్రంలో ఉన్నది భారతీయ జనతా పార్టీ, రాష్ట్రంలో ఉన్నది కాంగ్రెస్. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరి మధ్యా పెద్ద తేడా కనిపించలేదు.

నృత్యోత్సవం జరపడం తప్పు కాదు. ఎక్కడో మారుమూల కొండల్లో ఆడే ఆట రాజధాని వేదికనెక్కడం సంతోషించదగిన విషయమే. కానీ ఆ వేదికకు యజమాని ఎవరన్నదే ప్రశ్న. రాజధానిలో జనం గుమిగూడే పెద్ద వేదికలన్నీ ప్రభుత్వానివే అయినప్పుడు, ఏ కళాకారుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో, ఏ పాట పాడకూడదో కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో పార్టీలు మారాయి గానీ ఈ యాజమాన్యం మారలేదు.

రాజిమ్ మేళా కథే ఇందుకు నిదర్శనం. మహానది తీరంలో తరతరాలుగా జరుగుతున్న ఆ తిరునాళ్ళను బీజేపీ పాలనలో రాజిమ్ కుంభ్ అన్నారు. కాంగ్రెస్ వచ్చాక 2019లో అది మాఘీ పున్నీ మేళా అయింది. మళ్ళీ బీజేపీ వచ్చాక 2024లో కుంభ్ కల్ప్‌గా మారింది. నది అదే, భక్తులు వాళ్ళే, మారింది ఫ్లెక్సీ మీది ముఖం. ఐదేళ్ళకోసారి పేరు మార్చుకునే ఉత్సవాన్ని నమ్ముకుని ఏ కళాకారుడూ జీవితాన్ని నిర్మించుకోలేడు.

రాయ్‌పూర్ కళలకు కొత్త నగరం కాదు. హబీబ్ తన్వీర్ 1923లో పుట్టింది ఇక్కడే. నాచా కళాకారులను పల్లెల నుంచి పట్టుకొచ్చి ఆయన నడిపిన నయా థియేటర్, ‘చరణ్‌దాస్ చోర్’ నాటకంతో 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో బహుమతి గెలుచుకుంది. ఒక రాజకుటుంబం తమ రాజభవనాన్ని ధారపోయగా 1956లో ఏర్పడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఖైరాగఢ్‌లో ఉంది. భిలాయ్ చెంతనున్న గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి పండవానీని ప్రపంచానికి వినిపించి 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. సంగీతం నేర్చినవారికి, వినేవారికి ఈ నేలపై కొరత లేదు. కొరత ఉన్నది మధ్యలో నిలబడవలసిన మనిషికి. హాలు అద్దెకు తీసుకుని, టికెట్లు అమ్మి, దూరం నుంచి కళాకారులను రప్పించి, నష్టం వస్తే భరించే స్వతంత్ర కచేరీ నిర్వాహకుడికి.

అలాంటి నిర్వాహకుడు నిలదొక్కుకోగలడా లేదా అన్నది తేల్చడానికి జాజ్ సంగీతం మంచి గీటురాయి. ఎందుకంటే రాయ్‌పూర్‌లో జాజ్ వల్ల ఒక్క ఓటు రాదు, ఒక్క ఓటు పోదు. దానికి కుల సంఘం లేదు, మఠం లేదు, జయంతి లేదు. ఏ మంత్రీ దానికి జ్యోతి ప్రజ్వలన చేయడు. అటువంటి సంగీతానికి సైతం నగరంలో ఒక సాయంత్రం దొరికిందంటే, ప్రభుత్వం తలచుకోని మిగతా కళలన్నింటికీ దారి తెరుచుకున్నట్టే.

జాజ్‌కు రాజ్యంతో ఉన్న సంబంధం కూడా ఆలోచింపజేసేదే. బానిసల సంతతి సృష్టించిన ఆ సంగీతాన్ని అమెరికా విదేశాంగ శాఖ 1956 నుంచి ప్రచ్ఛన్న యుద్ధంలో ఆయుధంగా వాడుకుంది. డిజ్జీ గిలెస్పీని, డేవ్ బ్రూబెక్‌ను, డ్యూక్ ఎలింగ్టన్‌ను ప్రభుత్వ ఖర్చుతో దేశదేశాలకు పంపింది. బ్రూబెక్ 1958లో, ఎలింగ్టన్ 1963లో భారతదేశం వచ్చింది ఆ పద్దు కిందే. అయితే 1957లో లిటిల్ రాక్ నగరంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను బడిలోకి రానీయకుండా ఆర్కన్సా గవర్నర్ సైనికులను నిలబెట్టినప్పుడు, ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు వెళ్ళవలసిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పర్యటనకు వెళ్ళనన్నాడు. ఇంట్లో హక్కులు లేనివాడు బయట దేశానికి అలంకారంగా నిలబడడం ఎట్లా అన్నదే ఆయన నిరసన. ఆ మాట అనగలిగే శక్తి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రభుత్వ వేదిక కాకపోయినా ఆయనను వినడానికి టికెట్టు కొనే ప్రేక్షకులున్నారు, పిలిచే క్లబ్బులున్నాయి, అచ్చయ్యే రికార్డులున్నాయి. సైన్స్ కాలేజీ మైదానంలో నర్తించిన కళాకారుడికి ఆ వెసులుబాటు ఉందా?

ఈ వెసులుబాటును ప్రజాధనంతోనే కల్పించవచ్చు. దానికి పద్ధతులున్నాయి. అమెరికాలో ఛాంబర్ మ్యూజిక్ అమెరికా అనే సంస్థ, డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ నిధులతో, జాజ్ కచేరీ నిర్వాహకులకు ఒక గ్రాంటు పథకం నడిపింది. అందులోని కీలకమైన నిబంధన ఒక్కటే. డబ్బు ఒంటరి సంస్థకు ఇవ్వరు. మూడు సంస్థలు కూటమిగా ఏర్పడి, తాము ఎంచుకున్న బృందాలను మూడు వేదికలపైనా వినిపించాలి. రాజకీయాల్లో కూటమి అంటే సీట్ల సర్దుబాటు. ఇక్కడ కూటమి అంటే ప్రయాణ ఖర్చుల సర్దుబాటు, శ్రోతల సర్దుబాటు, నష్టాల సర్దుబాటు.

తెలుగు వారికి ఇది విదేశీ ఆలోచనేమీ కాదు. శ్రీరామనవమి పందిళ్ళలో జరిగినది ఇదే. దూరం నుంచి పేరున్న హరిదాసు వస్తున్నాడంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు వరుస రోజులు మాట్లాడుకునేవి. ఒక్క పందిరి మోయలేని ఖర్చును నాలుగు పందిళ్ళు మోసేవి. ఏ ఊరి చందా ఆ ఊరిదే, ఏ ఊరి సంభావన ఆ ఊరిదే. దాసుగారికి మాత్రం వారం రోజుల బతుకుతెరువు.

పటం ముందు పెట్టుకుని చూస్తే రాయ్‌పూర్‌కు ఈ పద్ధతి ఎంత అనుకూలమో అర్థమవుతుంది. ముంబై నుంచి హౌరా వెళ్ళే రైలు మార్గంలో నాగ్‌పూర్, రాజనందగావ్, దుర్గ్, భిలాయ్, రాయ్‌పూర్, బిలాస్‌పూర్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ముంబై నుంచి ఐదుగురు వాద్యకారులు ఒక్క రాయ్‌పూర్ కచేరీకి వచ్చి వెళితే ప్రయాణమంతా ఒక్క నిర్వాహకుడి నెత్తిన పడుతుంది. అదే బృందం వారంలో నాగ్‌పూర్, భిలాయ్, రాయ్‌పూర్‌లలో మూడు సాయంత్రాలు వాయించి, మధ్యలో ఒక పగలు ఖైరాగఢ్ విద్యార్థులతో గడిపితే ఆ భారం మూడుకు చీలుతుంది. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం ఈ వలయాన్ని విశాఖపట్నం దాకా పొడిగించగలదు. ఆ మార్గంలోనే ఎందరో తెలుగువారు ఛత్తీస్‌గఢ్‌కు బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చారు. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ నాగ్‌పూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రంలో సభ్య రాష్ట్రాలే. రాష్ట్రాల సరిహద్దులు దాటి కళలు ప్రవహించాలనే ఆశయంతోనే గదా ఎనభైలలో ఏడు మండల కేంద్రాలను నెలకొల్పింది?

కాని ఉన్న పథకాలు వేరే దారిలో నడుస్తున్నాయి. 2025–26 కేంద్ర బడ్జెట్ సుమారు 50.65 లక్షల కోట్లు. అందులో సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వాటా 3,360.96 కోట్లు, అంటే నూటికి ఏడు పైసలు. అందులోనూ మూడో వంతుకు పైగా పురావస్తు సర్వేక్షణ శాఖకే వెళ్తుంది. మిగిలిన దానిలో ఉత్సవాలకు, నాటక ప్రదర్శనలకు, కచేరీలకు ఆర్థిక సహాయం చేసే పథకం ఒకటి ఉంది. సాధారణంగా 5 లక్షలు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు ఇస్తారు. ఆ పథకం ఒక్కో సంస్థను విడివిడిగా చూస్తుంది, ఒక్కో కార్యక్రమాన్ని విడివిడిగా లెక్కిస్తుంది. పక్క ఊరితో చేయి కలిపినందుకు అదనంగా దక్కేదేమీ లేదు. అందువల్ల ఢిల్లీలో ఫైలును కదిలించగల సంస్థకు డబ్బు చేరుతుంది. ఊళ్ళో వంద కుర్చీలు నింపగల సంస్థకు చేరదు.

పన్నుల చట్టం మరో గోడ కట్టింది. జానపద, శాస్త్రీయ కళారూపాల్లో సంగీత, నృత్య, నాటక ప్రదర్శన చేసే కళాకారుడి పారితోషికం లక్షన్నర రూపాయలు మించకపోతే దానిపై జీఎస్టీ లేదు. ఈ మినహాయింపు సేవా పన్ను కాలం నుంచి వచ్చింది. పాశ్చాత్య సంగీతం, ఆధునిక నాటకం దీని పరిధిలోకి రావని 2012లోనే అధికారిక మార్గదర్శిని స్పష్టం చేసింది. చిన్న కళాకారులు చాలామంది పన్ను నమోదు పరిమితికి లోపలే ఉంటారు గనుక దీని ఆర్థిక భారం పెద్దది కాకపోవచ్చు. కాని దీని వెనుక ఉన్న దృష్టి చాలా పెద్దది. ప్రభుత్వం లెక్కలో కళ అంటే గతం. నాచా కళాకారులతో హబీబ్ తన్వీర్ ఆడించిన నాటకం జానపదమా, ఆధునికమా? ఈ ప్రశ్నకు పన్ను అధికారి ఏం సమాధానం చెబుతాడు? కంపెనీల సామాజిక బాధ్యత నిధుల జాబితాలోనూ వారసత్వం, సాంప్రదాయిక కళలు, హస్తకళలు అన్న మాటలే ప్రముఖంగా కనిపిస్తాయి. ఇప్పుడు పుడుతున్న కళకు అక్కడ స్పష్టమైన చోటు లేదు.

మొదటి అభ్యంతరం ఊహించదగినదే. బస్తర్‌లో బడులు సరిగా నడవని రాష్ట్రంలో, రాజధానిలోని కొద్దిమంది కోసం జాజ్‌కు డబ్బివ్వాలా? ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఇక్కడ కోరుతున్నది జాజ్‌కు ప్రత్యేక పద్దు కాదు, వేదిక నడిపేవారికి నిబంధనలతో కూడిన సహాయం. ఆ నిబంధన పండవానీ గాయనికీ, సత్నామీ పంథీ నర్తకులకూ, కవ్వాలీ బృందానికీ, తెలుగు సంఘం పిలిచే కూచిపూడి కళాకారులకూ ఒకటే. పైగా కొత్త పద్దు కూడా అవసరం లేదు. ఏటా నవంబరులో జరిగే రాజ్యోత్సవానికి సినీ గాయకులను రప్పించే ప్రభుత్వం, ఉత్సవాల ఖర్చులో చిన్న భాగాన్ని ఇటు మళ్ళిస్తే చాలు.

రెండో అభ్యంతరం కాగితపు కూటముల గురించి. గ్రాంటు ఎక్కడుంటే నకిలీ సంస్థలు అక్కడ పుట్టడం ఈ దేశంలో కొత్త కాదు. అందుకు మందు కూటమి నిబంధనలోనే ఉంది. మూడు ఊళ్ళు, మూడు హాళ్ళు, మూడు చోట్ల అమ్మిన టికెట్లు. ఖర్చులో కొంత భాగాన్ని నిర్వాహకులే భరించాలన్న షరతు పెట్టి, ఎంపిక జాబితాను, తిరస్కరించిన కారణాలను బయటపెడితే ఒక ఊరి అబద్ధాన్ని మరో రెండు ఊళ్ళు మోయవు.

మూడో అభ్యంతరమే అసలైనది. డబ్బిచ్చే ప్రభుత్వం నోరు కట్టేయదా? తన్వీర్ కన్నుమూసిన కొద్ది వారాలకే, 2009లో, ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకంపై ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నిషేధం విధించింది. రచ్చ గెలిచిన నాటకం ఇంట ఓడింది. అమెరికాలోనూ 2025 మే నెలలో జాతీయ కళా నిధి సంస్థ అనేక కళాసంస్థలకు అప్పటికే మంజూరైన గ్రాంట్లను ఒక్కసారిగా రద్దు చేసింది. అందువల్ల ఎంపిక అధికారం సాంస్కృతిక శాఖ కార్యదర్శి బల్ల మీద ఉండకూడదు. కళాకారులు, ఖైరాగఢ్ అధ్యాపకులు, నిర్వాహకులు, టికెట్టు కొనే శ్రోతలు ఉన్న సంఘానికి, నిర్ణీత కాలానికి, చట్టబద్ధంగా అప్పగించాలి. 1953లో సంగీత నాటక అకాడమీని స్థాపించినప్పుడు ఉన్న ఆలోచన కూడా ఇటువంటి స్వతంత్ర ప్రతిపత్తే. భాభా, ఖోస్లా, హక్సర్ కమిటీలు ఒకదాని తర్వాత ఒకటి అకాడమీల పనితీరును సమీక్షించి నివేదికలిచ్చాయి. నివేదికలు మిగిలాయి, స్వతంత్రత మాత్రం కరిగిపోతూ వచ్చింది. ఢిల్లీ చేయలేనిదాన్ని పాతికేళ్ళు దాటిన ఒక యువ రాష్ట్రం చేసి చూపితే కాదనేవారెవరు?

రాయ్‌పూర్‌లో హాళ్ళున్నాయి. మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలో ఆరుబయలు వేదిక ఉంది. నవా రాయ్‌పూర్‌లో పుర్ఖౌతీ ముక్తాంగణ్ ఉంది. అక్కడ ప్రభుత్వం పిలవని మనిషి, ప్రభుత్వానికి నచ్చని పాటను, టికెట్టు కొన్న వంద మంది ముందు పాడగలిగిన రోజున ఆ వేదిక ప్రజలదవుతుంది. ఆ పాట జాజ్ కావచ్చు. హస్‌దేవ్ అడవి నుంచి 300 కిలోమీటర్లు నడిచి వచ్చినవారి పాట కూడా కావచ్చు. రెండింటికీ తలుపు ఒక్కటే. దాని తాళం ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం రెండూ బయటే నిలబడి ఉంటాయి.