రోగి దాక్కోనక్కరలేని సంఘము



మా ఆసుపత్రికి వచ్చినవారి చీటీ మీద పేరు, వయసు, ఊరు వ్రాస్తాము. చాలామంది తమ సంఘము పేరు కూడా అడగకుండానే చెబుతారు. "మేము ఫలానా గుడి వాళ్లమండీ, మా అయ్యగారు పంపించారు" అని చెప్పేటప్పుడు వారి ముఖములో ఒక ధైర్యము కనబడుతుంది. కాని పరీక్షలు అయ్యి జబ్బు పేరు తెలిసిన తరువాత అదే మనిషి గొంతు తగ్గించి, "సిస్టరమ్మా, ఈ సంగతి మా గుడివాళ్లకు తెలియనివ్వకండి" అంటారు.

టీబీ అని తెలిసినవారు ఈ మాట అంటారు. హెచ్.ఐ.వి. ఉన్నవారు, కుష్ఠు మచ్చ కనబడినవారు, ఫిట్సు వచ్చే పిల్ల తల్లి, నిద్ర పట్టక బ్రతుకు మీద విరక్తి పుట్టి వచ్చిన యువకుడు కూడా అంటారు. చెయ్యి విరిగి వచ్చిన ఒక స్త్రీ మెట్ల మీద జారిపడ్డానని చెబుతుంది. తాగి వచ్చిన భర్త కొట్టాడని రెండు రోజుల తరువాత, అదీ ఎవరూ లేనప్పుడు చెబుతుంది.

ఎవరి జబ్బు సంగతీ మేము బయట చెప్పము. అది మా విధి. అయినా ఆ మాట విన్నప్పుడెల్లా మాకు బాధ కలుగుతుంది. పని ఇచ్చే యజమానికి తెలియకూడదు అనుకోవడం అర్థమవుతుంది. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంటివారు ఊరికి తెలియకూడదు అనుకోవడమూ అర్థమవుతుంది. ప్రతి ఆదివారము మనలను "సహోదరీ", "సహోదరుడా" అని పిలిచేవారి దగ్గర కూడా ఎందుకు దాచుకోవలసి వస్తున్నది?

సంఖ్య ఆరోగ్యము కాదు

"మీ సంఘము బాగున్నదా?" అని అడిగితే మనము లెక్కలు చెబుతాము. కొత్త స్లాబు వేశామని, మైకుసెట్టు కొన్నామని, క్రిస్మసుకు ఇంతమంది వచ్చారని చెబుతాము. ఇవి సంతోషించదగినవే. అయితే వాపు వేరు, బలుపు వేరు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

తెలుగు సంఘముల చరిత్రలో అందరూ చెప్పుకొనే ఒక సంఖ్య ఉన్నది. 1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య వెనుక ఉన్న సంగతి తెలిసినవారు తక్కువ. 1876 నుండి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి కల్పించారు. కూలి కోసము సంఘములో చేరారనే మాట రాకూడదని, ఆ సహాయము నడిచినంత కాలము బాప్తిస్మములు ఆపి ఉంచారు. ముందు ఆకలి తీర్చారు, తరువాతనే లెక్క వ్రాశారు. మనము ఆ లెక్కను గుర్తుంచుకొని ఆకలి తీర్చిన సంగతి మరచిపోయాము.

మా అభిప్రాయము సూటిగా చెబుతున్నాము. సంఘము ఆరోగ్యముగా ఉన్నదో లేదో తెలియాలంటే అందులో అందరికంటె బలహీనుడైన మనిషిని చూడాలి. ఆ మనిషి తన జబ్బును, తన బాధను దాచుకోకుండా అక్కడ కూర్చోగలిగితే ఆ సంఘము ఆరోగ్యమైనది. దాచుకోవలసి వస్తే, ఎంత పెద్ద మందిరమైనా దానికి చికిత్స కావాలి. మాకు కనబడిన ఐదు గురుతులు క్రింద వ్రాస్తున్నాము.

1. రానివారిని వెదకుతుంది

సుగరు ముదిరి కాలి పుండుతో వచ్చేవారిని చూస్తుంటాము. సుగరు వలన పాదములలో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. ఎండాకాలములో గుడి బయట చెప్పులు విడిచి కాలే బండల మీద నడిస్తే బొబ్బలు లేచినా తెలియదు. పుండు చిన్నదిగా ఉన్నప్పుడు వస్తే కట్టు కట్టి మందులిచ్చి చాలా కాళ్లను కాపాడవచ్చు. ఆలస్యమైతే వేలు, ఒక్కొక్కసారి పాదమే తీసివేయవలసి వస్తుంది.

అలా ఆలస్యముగా వచ్చిన వారిని అడిగితే, "నెలరోజులుగా గుడికి కూడా పోలేదమ్మా, నడవలేక" అంటారు. నెల అంటే నాలుగు ఆదివారములు. ఆ నాలుగు ఆదివారములలో ఆమె కూర్చునే చాప మీద చోటు ఖాళీగానే ఉన్నది. ఎవరైనా రెండవ వారమే ఇంటికి వెళ్లి "ఏమమ్మా, రావడం లేదే?" అని అడిగి ఉంటే ఆ కాలు దక్కేదేమో! వచ్చినవారిని లెక్కించడము సులభము. రానివారి పేర్లు గుర్తుంచుకొనేవాడే కాపరి. ఆ పని అయ్యగారు ఒక్కరివలన కాదు. స్త్రీల సమాజమువారు, యవ్వనస్థులు పేటలవారీగా పంచుకోవాలి.

2. విన్నది దాచిపెడుతుంది

రోగి మాట్లాడాలంటే వినేవారి నోరు నమ్మదగినదై ఉండాలి. మనలో ఒక పాడు అలవాటు ఉన్నది. "ప్రార్థన చేయండి" అనే ముసుగులో ఒకరి జబ్బు పేరు ఊరంతా చేరవేస్తాము. గృహ కూడికలో చెప్పిన మాట తెల్లవారేసరికి బోరింగు దగ్గర వినబడుతుంది. ఒక్కసారి అలా జరిగితే, ఆ సంఘములో మరి పదిమంది నోరు మూసుకుంటారు.

దీనికి విరుగుడు చిన్నదే. ఎవరి కొరకైనా ప్రార్థన మనవి చదివే ముందు, "నీ సంగతి ఎంతవరకు చెప్పమంటావమ్మా?" అని వారినే అడగాలి. జబ్బు పేరు చెప్పనక్కరలేదు. దేవునికి పేరు తెలుసు.

ఈ విషయములో తప్పు మా వంతు కూడా ఉన్నది. ఓ.పి. వరండాలో పదిమంది మధ్య జబ్బు పేరు పెట్టి పిలవడం, టీబీ మందులవారిని వేరే వరుసలో అందరికీ కనబడేలా నిలబెట్టడం మా సిబ్బంది వలన కూడా జరిగింది. ఈ మాటలు సంఘములకు వ్రాసే ముందు మాకు మేము చెప్పుకొన్నాము.

3. ప్రార్థనను, మందును విడదీయదు

రెండు నెలలు టీబీ మందులు వాడి, దగ్గు తగ్గి, ఒళ్లు చేసిన ఒక తల్లి మధ్యలో మందులు మానివేసింది. "ప్రార్థన చేసిన తరువాత కూడా మాత్ర మింగితే అది అవిశ్వాసమే" అని ఎవరో చెప్పారట. ఐదు నెలల తరువాత మళ్లీ కళ్లెలో రక్తముతో వచ్చింది. సామాన్యమైన టీబీకి ఆరు నెలల చికిత్స: మొదటి రెండు నెలలు నాలుగు రకముల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకములు. మధ్యలో మానితే, మిగిలిన క్రిములు మందుకు లొంగని విధముగా మారే ప్రమాదమున్నది. అప్పుడు ఇంకా కష్టమైన మందులు వాడాలి. ఇంటిలోని పిల్లలకు కూడా అంటవచ్చు.

యాకోబు తన పత్రికలో రోగి కొరకు పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థించమన్నాడు. పౌలు పక్కన ఉన్న లూకా వైద్యుడే. కడుపు నొప్పి ఉన్న తిమోతికి పౌలు మందు వంటి సలహా వ్రాశాడు, విశ్వాసము తక్కువైనదని గద్దించలేదు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి రావలసి వచ్చింది. పౌలు ఆ సంగతిని దాచలేదు.

సాక్ష్యములు చెప్పే సమయములో "మందు లేకుండా బాగుపడ్డాను" అనేవారికి మాత్రమే చోటు ఇవ్వడం మంచిది కాదు. "ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మాత్రలు మింగాను, దేవుడు నడిపించాడు" అని చెప్పేవారిని కూడా ముందుకు పిలవండి. అదీ సాక్ష్యమే. అయ్యగార్లు కూడా తమ బీపీ, సుగరు దాచుకోవద్దని మా మనవి. పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి సంఘమునకే వ్రాశాడు. కాపరి తన మాత్రలపెట్టె చూపిస్తే మంద ధైర్యము తెచ్చుకుంటుంది.

4. ఒకే బల్ల దగ్గర కూర్చుంటుంది

ప్రభు భోజనము దగ్గర కొందరిని చివరకు నెట్టడం ఇంకా కొన్నిచోట్ల జరుగుతున్నది. హెచ్.ఐ.వి. గిన్నె వలన, భోజనము వలన, చెయ్యి కలపడము వలన అంటదు. కుష్ఠుకు మందులు మొదలుపెట్టిన కొద్ది కాలానికే ఇతరులకు అంటించే గుణము పోతుంది. టీబీ గాలి ద్వారా వ్యాపిస్తుంది కాబట్టి మందిరము కిటికీలు తెరచి ఉంచండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకోమని అందరికీ నేర్పండి. సరైన మందులు మొదలైన కొద్ది వారములలో చాలామందికి ఆ అంటించే గుణము బాగా తగ్గుతుంది. భయపడవలసినది ఎక్కడో తెలిస్తే అనవసరముగా మనిషిని వెలివేయము.

నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసాబెల్ కెర్ దొరసానిగారి చొరవతో కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. ఇంటిలోవారే వెళ్లగొట్టిన కాలములో మిషనువారు వారికి తలుపు తెరిచారు. 1980ల నుండి కుష్ఠును పూర్తిగా నయము చేసే మందులు వచ్చాయి. అయినా దంపతులలో ఒకరికి కుష్ఠు ఉండడం విడాకులకు ఒక కారణముగా మన దేశపు చట్టములలో, క్రైస్తవుల విడాకుల చట్టములో సహా, 2019 వరకు ఉండిపోయింది. మందు వచ్చినంత తొందరగా మనసు మారదు.

మరొక సంగతి కూడా దాచకూడదు. కొన్ని పల్లెలలో ఒకే మిషను క్రింద రెండు పేటలకు రెండు గుడులున్నవి. కొరింథు సంఘములో ఉన్నవారు ముందుగా తిని లేనివారిని ఆకలితో ఉంచితే, అది ప్రభు భోజనమే కాదని పౌలు కఠినముగా వ్రాశాడు. మా వార్డులో పక్క పక్క మంచములపై పడుకున్న రెండు పేటలవారు ఒకరి మరచెంబు నీళ్లు మరొకరు తాగుతారు. ఇంటికి వెళ్లిన తరువాత అది ఎందుకు ఆగిపోతున్నది?

5. భారము లెక్కగా పంచుకుంటుంది

అపొస్తలుల కాలములో కొందరు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడిచిపెట్టబడుతున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు. నమ్మకమైన ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. సహాయము కూడా ఒక క్రమములో జరగాలని దీని అర్థము.

టీబీ మందులు ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్నది. పోషణ కొరకు 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నది. హెచ్.ఐ.వి. మందులు 2004 నుండి ఉచితము. అయినా బస్సు చార్జీ, పోయే కూలి, ఇంటి దగ్గర పిల్లలకు అన్నము ఎవరు చూస్తారు? వారానికి ఒక ఇల్లు చొప్పున అన్నము పంపితే ఒక సంఘమునకు అది బరువు కాదు. ఖాతా కాగితములు నింపలేనివారికి చదువుకున్న యవ్వనస్థుడు ఒక పూట ఇస్తే చాలు. కానుక సంచిలో రోగుల కొరకు వచ్చిన డబ్బుకు లెక్క వ్రాసి, పేర్లు చెప్పకుండా మొత్తము మాత్రము అందరికీ చదివి వినిపించాలి.

ఒక అభ్యంతరము

"కొన్ని జబ్బులు పాపము వలన వస్తాయి కదా, అందరినీ దగ్గరకు తీస్తే పాపమును ఒప్పుకొన్నట్లు కాదా?" అని మమ్మును అడిగిన పెద్దలున్నారు. వారి ఆందోళనను మేము తేలికగా తీసుకోము. అయితే హెచ్.ఐ.వి. ఉన్న భార్యలలో అనేకులకు అది భర్త నుండే వచ్చింది. పుట్టుగ్రుడ్డివానిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ లెక్కలోకి పోలేదు. తాగుడు మానాలన్నా, కొట్టే చెయ్యి ఆగాలన్నా, ముందు ఆ సంగతి వెలుగులోకి రావాలి. వెలివేస్తారనే భయమున్న చోట ఏదీ వెలుగులోకి రాదు. దాగిన పుండుకు కట్టు కట్టలేము.

పక్షవాతము గలవానిని నలుగురు మోసుకొనివచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించారు. ప్రభువు ఆ మోసినవారి విశ్వాసమును కూడా చూశాడు. ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత ఒక్క నిమిషము ఆగి, గత నెల వచ్చి ఈ నెల రానివారు ఎవరో గుర్తుచేసుకోండి. ఒక్కరి ఇంటికైనా వెళ్లండి. వెంటనే సలహాలు చెప్పవద్దు. ముందు వారు చెప్పేది వినండి. ఆసుపత్రికి తీసుకురావలసి వస్తే తీసుకురండి, మేమున్నాము.

ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడవలసిన అవసరము లేని సంఘములుగా ప్రభువు మనలను స్వస్థపరచును గాక. ఆమేన్.