ఓడిపోయిన కేసు కాగితం కూడా ఉండాలి

"పాత కోర్టు కాగితాలన్నీ ఎందుకు దాచడం? ముఖ్యమైన తీర్పులు ఉంచుకుంటే చాలదా?" అని ఎవరైనా అడిగితే, చాలదు అంటాను నేను. ఎందుకో చెప్తాను.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరం. 1846 ఏప్రిల్‌లో అక్కడి సర్క్యూట్ కోర్టులో డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హారియెట్ తమ స్వేచ్ఛ కోసం విడివిడిగా దావాలు వేశారు. బానిసత్వం చెల్లని ప్రాంతాల్లో తమను ఉంచారు కాబట్టి తాము స్వతంత్రులమే అన్నది వాళ్ళ వాదన. ఇద్దరికీ సంతకం రాదు. మన దగ్గర వేలిముద్ర వేసినట్టు, అర్జీ కింద ఇంటూ గుర్తు పెట్టారు. 1850లో జ్యూరీ వాళ్ళకి అనుకూలంగా చెప్పింది. 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1857లో దేశ సుప్రీంకోర్టయితే నల్లజాతివాళ్ళు అసలు అమెరికా పౌరులే కారు అనేసింది.

చరిత్ర పుస్తకాల్లో మనకి కనిపించేది ఈ చివరి తీర్పే. కానీ అదే కింది కోర్టు పాత ఫైళ్ళలో ఇలాంటి స్వేచ్ఛా దావాలు 300కు పైగా దొరికాయి. 1814 నుంచి 1860 దాకా వేసినవి. మిస్సోరి రాష్ట్ర ఆర్కైవ్స్ వాటిని భద్రపరిచి, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది.

వాటిలో వాదన నడిచే తీరు చూడండి. దావా వేసేది దాడి, అక్రమ నిర్బంధం కింద. అంటే లాజిక్ ఇది: నేను స్వతంత్రుణ్ణి అయితే, నన్ను కొట్టడం, బంధించడం తప్పు. అది తప్పో కాదో తేల్చాలంటే ముందు నేను ఎవరో కోర్టు తేల్చక తప్పదు!

పాలీ అనే తల్లి ముందు తన కోసం, తర్వాత కూతురు లూసీ కోసం కోర్టుకెక్కింది. తల్లి 1843లో గెలిచింది. లూసీ మాత్రం కేసు తేలేదాకా పదిహేడు నెలలు జైల్లోనే ఉండి, 1844లో బయటపడింది. లూసీ తర్వాత తన కథ తనే రాసుకుంది. మిగతావాళ్ళలో చాలామందికి ఆ అదృష్టం లేదు. వాళ్ళు బతికారనడానికి మనకి దొరికే ఆధారం ఆ అర్జీ కాగితమే. అది కూడా లాయరు భాషలో, గుమాస్తా చేతిరాతలో.

ఆ రోజు ఆ గుమాస్తాకి ఏ కాగితం ముఖ్యమో తెలుసా? తెలియదు. డ్రెడ్ స్కాట్ అర్జీ కూడా అప్పటికి వందల్లో ఒకటే. ఏరి దాచి ఉంటే గెలిచినవాళ్ళవీ, పేరున్నవాళ్ళవీ మిగిలేవి. ఓడిపోయినవాళ్ళు రెండోసారి కూడా ఓడిపోయేవాళ్ళు.

మన ఇంజినీరింగ్ బుర్రకి ఒక మాట. "స్కాన్ చేసేశాం, పీడీఎఫ్ ఉంది, అయిపోయింది" అనుకుంటాం. అవ్వలేదు. సెర్చ్ బాక్సులో పేరు కొడితే ఆ మనిషి దొరకాలి. గొలుసుకట్టు రాత, ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగు, ఇంటి పేరు లేని "విన్నీ", "పాలీ" లాంటి పేర్లు. ఎవరో ఒకరు కూర్చుని చదివి, పేర్లు ఎక్కించకపోతే అవి సర్వర్‌లో ఉన్నా అటక మీద ఉన్నట్టే.

ప్రాజెక్టుకి టాపిక్ లేదని తిరిగే మనలాంటివాళ్ళకి ఇంతకంటే మంచి పని ఏముంది? చేతిరాతని చదివే ప్రోగ్రాం ఒకటి రాద్దాం. పేరు కూడా రాయడం రాని మనిషి పెట్టిన ఆ ఇంటూ గుర్తు పక్కన ఎవరి పేరుందో అది చదవగలిగితే చాలు.